రిజర్వుడు సీటు సమరయుడు

ఆదివారం ఎల్బీనగర్‌లో ఆరాధన. ప్రసంగం లూకా సువార్త 10వ అధ్యాయం, మంచి సమరయుడి మీద. యెరికో దారిలో దెబ్బలు తిని పడివున్న మనిషిని చూసి యాజకుడు, లేవీయుడు పక్కనుంచి తప్పుకుపోయారనగానే మన విశ్వాసి కళ్లొత్తుకున్నాడు. బయటికొచ్చి మెట్రో ఎక్కాడు. దొరికింది వృద్ధుల సీటే.

విక్టోరియా మెమోరియల్‌లో చేతికర్రతో ఓ పెద్దావిడ ఎక్కింది. యెరికో దారిలోనైతే పక్కకి తప్పుకోవచ్చు. 2018లో ఇటొచ్చిన మెట్రోలో పాపం, ఆ వెసులుబాటు పెట్టలేదు! అందుకే మనవాడు బైబిలు ఒళ్లో పెట్టుకుని గట్టిగా కళ్లు మూశాడు. ప్రార్థన చైతన్యపురి దాటినా తెగలేదు. లేచి సీటిచ్చింది బుర్ఖాలో ఉన్న కోచింగ్ సెంటర్ అమ్మాయి.

దిల్‌సుఖ్‌నగర్ అని అనౌన్స్‌మెంట్ వచ్చిందో లేదో, ఆమెన్!