అగ్గిపెట్టె అడిగేటోళ్లు

రాయికోడ్‌లో బీడీ మానడం ఒక ఎత్తు, మానినట్టు ఊరిని ఒప్పించడం ఇంకో ఎత్తు. బీడీ తాగేవాడి జేబులో అగ్గిపెట్టె సగం ఊరి ఆస్తి. "అన్నా, జర అగ్గి" అన్నవాడికి లేదని చెబితే ముందు జేబు చూస్తాడు, తర్వాత మొహం చూస్తాడు, చివరికి "పానం మంచిగున్నదా?" అంటాడు. ఆరోగ్యం కోసం మానినవాణ్ని రోగుల లెక్కలో రాసుకుంటారు.

మానే ముందు తయారీ కావాలంటారు డాక్టర్లు. ఒక తేదీ పెట్టుకోవాలి, నలుగురికీ చెప్పాలి, చెయ్యి ఏయే వేళ జేబులోకి పోతుందో రాసుకోవాలి. రాసుకున్నాను: పొద్దున చెంబు పట్టే ముందు, చాయ్ తర్వాత, జహీరాబాద్ బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఆ బస్సు రానప్పుడు. నలుగురు తిరిగే చోట పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా అని 2008 గాంధీ జయంతి నుంచీ రూలుంది. బోర్డు పెడితే దాని నీడకు చేరి ముట్టించేవాళ్లం మేం. ఇక చలికాలం పొద్దున చెరుకు తోట గట్టు మీదైతే సాకు కూడా అక్కర్లేదు. నోట్లోంచి ఆవిరి ఎలాగూ వస్తుంది, తోడుగా పొగ పంపుదామనిపిస్తుంది.

తేదీ ఉగాది అన్నాను. "ఏ యేడు ఉగాది?" అంది మా ఇంటామె. ఝరాసంగం పోయి కేతకి సంగమేశ్వరుడి ముందు ఒట్టేస్తానన్నాను. "దేవుణ్ని నడుమ ఇరికియ్యకు" అంది. సోమవారం ఖాయమైంది.

నలుగురికీ చెప్పడమంటే మా దగ్గర చాయ్ హోటల్లో ఒకసారి నోరు విప్పడమే. పొద్దుగూకేసరికి ఊరంతా కావలిదార్లు, అందరూ వకీళ్లు. గిరీశం వెంకటేశానికి చుట్ట మహిమ బోధించినప్పటి నుంచీ మనలో పొగ తరఫున వాదించేవాళ్లకు కరువు లేదు. మా కాక వాదన ఒకటే: "సిగరెట్ కాయితం, బీడీ ఆకు. ఆకు ఏం జేస్తదిరా?" ఏం చేస్తుందంటే, తునికాకు ఊరికే ఆరిపోతుంది. ఆరకుండా పదే పదే గట్టిగా గుంజాలి. ఫిల్టర్ ఉండదు. సిగరెట్ కంటే ఎక్కువ తారు, కార్బన్ మోనాక్సైడ్ లోపలికి పోతాయి.

మొదటి రెండు మూడు రోజులే గండం. గుంజాలన్న కోరిక ఒక్కోసారి కొన్ని నిమిషాలే ఉంటుంది, ఆ కాసేపు అల్లం ముక్కో చెరుకు గడో నోట్లో ఉంటే గడిచిపోతుంది. నికోటిన్ గమ్ కూడా ఉంది. కొంచెం నమిలి, ఘాటు తగలగానే బుగ్గన పెట్టాలి. నా దోస్తు ఒకడు దాన్ని చాక్లెట్‌లా పరపర నమిలి రాత్రంతా ఎక్కిళ్లు పెట్టాడు. బీడీ పోయింది గదా అని గుట్కా పట్టినవాడికి మాత్రం చెప్పేదేం లేదు, అది సరాసరి నోటి క్యాన్సర్ దారి.

లాభాల్లో మొదట తెలిసింది ముక్కు. వాకిట్లోంచే కందిపప్పు తాలింపు వాసన పట్టేశాను. ఆ సంబరంలో నా దుప్పటి కప్పుకొంటే దాని వాసనా తెలిసింది. ఇంటామె ఇన్నేళ్లు నా పక్కన ఎట్లా పడుకుందో అడిగే ధైర్యం రాలేదు.

మిగతావి కాకకు చదివి వినిపించాను. ఆపిన 20 నిమిషాలకే గుండె వేగం తగ్గుతుంది. 12 గంటలకు రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలుకొస్తుంది. ఏడాదికి గుండె జబ్బు ముప్పు సగమవుతుంది, పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు దాదాపు సగమవుతుంది. కాక 20 నిమిషాల దగ్గరే ఆగిపోయాడు. "గట్లయితే రెండు బీడీల నడుమ రోజూ మానుతనే ఉన్న గదరా" అన్నాడు.

ఆఖరికి మెత్తబడి, ఎవరికో ఫోన్ చేస్తే సాయం చేస్తారట గదా, ఆ నంబరేదీ అన్నాడు. 1800-11-2356, పైసా ఖర్చు లేదు, కట్ట మీదే అచ్చేసి ఉంటుందన్నాను. అద్దాలు పెట్టుకుని కట్ట తిప్పి తిప్పి చూసి, నా ఫోన్‌తోనే కలపమన్నాడు. అవతల రింగవుతుంటే ఒకటి తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు.

"కాకా!"

"ఆళ్లు ఎత్తేదాంకనే రా. అగ్గిపెట్టె ఉన్నదా?"