రెండు మీదనే ఉండనీ

నన్ను చూసినవాళ్ళలో సగం మంది వెంటిలేటర్ అంటారు. "పాపం, అవ్వను ఇంట్లోనే వెంటిలేటర్ మీద పెట్టినారంట" అని వడమాలపేట బజారులో చెప్పుకున్నారట కూడా. నాకు ఒళ్ళు మండుతుంది. వెంటిలేటర్ మనిషికి బదులు ఊపిరి తీసే యంత్రం. గొంతులోకి గొట్టం, చుట్టూ ఐసీయూ, రాత్రంతా మేలుకునే నర్సు, దాని వైభవమే వేరు. నాకంత లేదు. నేను ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్‌ని. ఊపిరి అవ్వే తీసుకోవాలి. ఆ గాలిలో ఆక్సిజన్ పాలు పెంచడం వరకే నా పని.

గదిలో గాలి ఉంది కదా, అందులో నైట్రోజన్ 78 పాళ్ళు, ఆక్సిజన్ 21. నా కడుపులోని కంప్రెసర్ ఆ గాలిని లాగి, నొక్కి, జియోలైట్ గుళికలు నింపిన రెండు గొట్టాల్లోకి తోస్తుంది. ఒత్తిడి మీద జియోలైట్ నైట్రోజన్‌ను పట్టుకుని ఆక్సిజన్‌ను వదిలేస్తుంది. ఒక గొట్టం నిండేసరికి రెండోది అందుకుంటుంది, ఈలోగా మొదటిది తాను పట్టిన నైట్రోజన్‌ను బయటికి కక్కేస్తుంది. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు మార్చి మార్చి రోకటి పోటు వేసినట్టు. కొన్ని సెకండ్లకోసారి నాలోంచి వచ్చే 'టప్, బుస్' ఆ మార్పిడి చప్పుడే. చివరికి అవ్వ ముక్కు గొట్టంలోకి చేరేది 90 నుంచి 96 శాతం ఆక్సిజన్. ఈ ఉపాయానికి అమెరికాలో చార్లెస్ స్కార్‌స్ట్రమ్ అనే ఇంజనీరుకు 1960లో పేటెంటు వచ్చింది.

మా జాతి ఈ దేశంలోకి వెల్లువలా దిగింది 2021లో, కోవిడ్ అలలో. ఆ మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో, తమిళనాడు నుంచి రావలసిన ట్యాంకరు ఆలస్యమై ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయింది. సర్కారు లెక్క ప్రకారమే 11 మంది పోయారు. ఆ వారాల్లో ఎవరి నోట విన్నా మా పేరే. బయటి దేశాల్లోని తెలుగువాళ్ళు కూడా చందాలు వేసుకుని మమ్మల్ని పంపారు. అల తగ్గింది. మమ్మల్ని అట్టపెట్టెల్లో కట్టి మూలకు నెట్టారు. వాడకుండా ఉంచితే జియోలైట్ తేమ పీల్చి చెడిపోతుందని ఎవరికీ తోచలేదు. నాతోటి వాళ్ళు చాలామంది అలా కూర్చునే పాడయ్యారు. నన్ను మాత్రం ఒక సేవాసంఘం వాళ్ళు బయటికి తీసి, మీటరు పెట్టి చూసి, పనికొస్తానని వడమాలపేటకు పంపారు. అప్పటికి ఈ ఊరు చిత్తూరు జిల్లా నుంచి కొత్త తిరుపతి జిల్లాలోకి మారిపోయింది.

అవ్వ జన్మలో బీడీ ముట్టలేదు. కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఇంటెడు మందికి సంగటి కెలికింది. చెరుకు కాలంలో బెల్లం పొయ్యికి ఎండిన పిప్పి ఎగదోసింది. ఆ పొగంతా లోపల లెక్క రాసుకుంది. తిరుపతిలో డాక్టరు సీఓపీడీ అన్నాడు. ఊపిరి గొట్టాలు సన్నబడి, గాలి తిత్తులు సాగిపోయి, లోపలికి వెళ్ళిన గాలి సరిగా బయటికి రాని జబ్బు. చీటీలో నా గురించి ఒక్క వాక్యం రాశాడు: నిమిషానికి 2 లీటర్లు, రోజుకు 15 గంటలు తగ్గకుండా, ఆక్సిమీటరులో 88 నుంచి 92 మధ్య.

ఆ 15 గంటలు గాలిలోంచి పుట్టినవి కావు. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయిన సీఓపీడీ రోగులకు రోజుకు కనీసం అన్ని గంటలు ఇస్తే ఎక్కువ కాలం బతుకుతారని బ్రిటన్‌లో జరిగిన పరీక్ష 1981లో తేల్చింది. అవ్వకు అవన్నీ అక్కరలేదు. చుట్టాలు వస్తే చాలు, సిగ్గుపడి గొట్టం పీకి దిండు కింద దాచేది. "పెట్టుకో అత్తా, వాళ్ళేమనుకుంటే మనకేం" అని కోడలు మళ్ళీ చెవులకు తగిలించేది. గొట్టం ఒరుసుకుని చెవుల వెనక పుండ్లు పడితే దూది చుట్టింది కూడా కోడలే.

ఆ మాటకొస్తే నా జీవితమంతా కోడలి చేతుల్లోనే నడిచింది. హైవే పక్క ఇల్లు, చెన్నై లారీల దుమ్ము. నా ఫిల్టరు వారం వారం కడిగి, నీడన ఆరబెట్టి తొడిగేది. తేమ సీసాలో బోరు నీళ్ళు పోస్తే తెల్లగా ఉప్పు కడుతుందని డిస్టిల్డ్ వాటర్ తెప్పించేది. ముక్కు ఎండిందని అవ్వ కొబ్బరినూనె అడిగితే ఇవ్వలేదు, నూనె ఉన్నచోట ఆక్సిజన్ మంటను ఎగదోస్తుంది. దేవుడి దీపం, సాంబ్రాణి, దోమల చుట్ట అన్నీ అవతలి గదికి పోయాయి. దేవుణ్ణి కదిపినందుకు అవ్వ నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. మాట్లాడేదా అంటే, తిట్టేది.

నా తిండి మాత్రం దాచలేను. 350 వాట్లు, రోజుకు 16 గంటలు అంటే అయిదున్నర యూనిట్లు పైనే. నెలకు 160 దాటుతుంది. ఉచితంగా వచ్చిన యంత్రం ఉచితం కాదని మొదటి బిల్లుతోనే ఇంట్లో తెలిసిపోయింది. కరెంటు పోతే నేను కీచుమని అరవడం తప్ప ఏమీ చేయలేను. అందుకే పక్కన ఒక చిన్న సిలిండరు నిలబెట్టారు. 1500 లీటర్లది, 2 మీద పెడితే పన్నెండు గంటలు వస్తుంది.

సంక్రాంతికి చెన్నై నుంచి మనవడు వచ్చాడు. అవ్వ వేలికి ఆక్సిమీటరు పెట్టి చూస్తే 89. కోవిడ్ రోజుల్లో 94 దిగితే ఆసుపత్రికి పరిగెత్తమని అందరూ కంఠస్థం చేశారు కదా, పిల్లవాడు అదిరిపోయాడు. నా బిరడా తిప్పి, లీటర్లు చూపే బంతిని 4 మీదికి ఎక్కించాడు. అంకె 97 చూపింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. అవ్వ కూడా "ఇప్పుడు బాగుండాది నాయనా" అంది. నేను చెప్పలేను, నాకు నోరు లేదు, ఉన్నది బుస్సుమనే గొట్టమే.

సీఓపీడీ ముదిరిన కొందరిలో ఆక్సిజన్ మితిమీరితే చిత్రమైన పని జరుగుతుంది. ఊపిరితిత్తుల్లో పాడైన చోట్లకు రక్తం దారి మళ్ళుతుంది, ఊపిరి మందగిస్తుంది, బయటికి పోవలసిన కార్బన్ డయాక్సైడ్ రక్తంలో పేరుకుంటుంది. వేలికి పెట్టిన ఆక్సిమీటరు దాన్ని చూడలేదు. అంకె 97 దగ్గరే ఉంటుంది, మనిషి మాత్రం మత్తులోకి జారిపోతుంది. తెల్లారేసరికి అవ్వ తలనొప్పి అంటూ మాట తడబడి, పిలిస్తే పలకక, పగలే గురక పెడుతోంది. కనుమ నాడు కడుపునిండా తిని నిద్రపోతోందని మగవాళ్ళు అనుకున్నారు. కోడలు వచ్చి నా బంతి వైపు చూసింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆపేయలేదు కూడా, ఉన్నట్టుండి ఆపడమూ ప్రమాదమే. 2 కు దించి, 108 కి ఫోన్ చేసింది.

ఆసుపత్రి నుంచి అవ్వ తిరిగి వచ్చినప్పుడు నాకు తోడుగా బైపాప్ వచ్చింది. అది ముఖానికి మాస్కు తొడిగి, ఊపిరి పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడితో, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడితో గాలి పంపి, పేరుకున్న వాయువును బయటికి తోలుతుంది. రాత్రులు దానివి. నా గొట్టాన్ని దానికే తగిలిస్తారు. నా మీద అతికించిన కాగితం మనవడి రాతే: "రెండు మీదనే ఉండనీ. అంకె 90 ఉన్నా భయపడద్దు."

మొన్న అప్పలాయగుంట నుంచి దూరపు చుట్టం ఒకాయన వచ్చాడు. నన్ను చుట్టూ తిరిగి చూసి, "మా నాయనకూ ఆయాసమే. ఇట్టాంటిది కొంటే ఎంతవుతాదమ్మా?" అన్నాడు.

"డాక్టరు చీటీ ఉండాదా అన్నా? ఎన్ని లీటర్లు, ఎన్ని గంటలు రాసినాడు?" అంది కోడలు.

"చీటీ యాడిది, అడిగి కొనుక్కుందామనీ..."

గొట్టం ముక్కున ఉండగానే అవ్వ మంచం మీంచి అందుకుంది. "ఒరే, మీ ఇంట్లో ఇంకా కట్టెల పొయ్యేనా?"

"నీళ్ళు కాచేదానికే అవ్వా. నాయన పక్కనే పడుకుంటాడు, చలికి."

"అట్టయితే ఈ పొద్దే ఆ పొయ్యి పెరట్లోకి మార్చు. రేపు మీ నాయన్ను డాక్టరుకు చూపించు. మిషన్ సంగతి ఆయప్ప చెప్తాడు."