ఈ మాటలు వింటే దొడ్డి ఖాళీ

పంది మేత మానేసి మూలకు ఒదిగితే చాలు, ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా సాయంత్రానికి పదిమంది పది సలహాలు చెప్తారు. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. కానీ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ విషయంలో మంచి మనసుతో చెప్పిన తప్పు మాట కూడా దొడ్డిని ఖాళీ చేస్తుంది. ఇది సోకితే వందకు వంద పందులూ చచ్చిపోయిన దొడ్లున్నాయి. అందుకే వినకూడని ఆరు మాటలు ఇక్కడ ఏరి పెడుతున్నాను.

1. "ఎండదెబ్బప్పా, నీళ్లు చల్లితే లేస్తుంది"

మన ఎండలకు పంది డీలా పడటం మామూలే కాబట్టి ఈ మాట నమ్మబుద్ధవుతుంది. ఈ జబ్బులో చెవులు, పొట్ట కింది చర్మం ఎర్రబారి నీలం తిరుగుతాయని పుస్తకాల్లో ఉంటుంది. అది తెల్ల సీమపందిలో కనిపిస్తుంది. మన నల్ల నాటుపందిలో ఆ ఎరుపు తెలియదు. అందుకని ఆసనంలో థర్మామీటరు పెట్టి చూడండి. మామూలుగా 102 డిగ్రీల దగ్గరుండే వేడి 105 దాటిందా? పందులు ఒకదాని మీద ఒకటి పడి గుంపుగా పడుకుంటున్నాయా? నడిస్తే వెనక కాళ్లు తూలుతున్నాయా? ముక్కులోంచి గానీ పెంటలో గానీ నెత్తురు పడుతోందా? చూడి పందులు ఈసుకుపోతున్నాయా? ఎండదెబ్బ నీడకు తగ్గుతుంది. ఇది తగ్గదు.

2. "స్వైన్ ఫీవర్ టీకా ఉంది కదా, అది వేయించు"

పేర్లు కలిశాయి గానీ జబ్బులు రెండూ వేరు. పాత స్వైన్ ఫీవర్‌ది చిన్న ఆర్‌ఎన్‌ఏ వైరస్. దానికి మంచి టీకా ఉంది, తప్పక వేయించాలి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌ది చాలా పెద్ద డీఎన్‌ఏ వైరస్. 150కి పైగా ప్రొటీన్లు తయారుచేసుకునే జన్యువులు దాని దగ్గర ఉన్నాయి. పాత టీకా దాన్ని ఏమీ చేయలేదు. పైగా ఇది దూరేదే ఒంటికి కాపలా కాసే మాక్రోఫేజ్ కణాల్లోకి. అక్కడ ఎంజీఎఫ్ అనే జన్యువుల గుంపు, పక్క కణాలను హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్‌ను అణిచేస్తుంది. కాపలా కుక్క నోరు కట్టేసి ఇల్లు దోచినట్టన్న మాట. ఇలాంటి జన్యువులను తొలగించి బలహీనపరిచిన వైరస్‌తో వియత్నాం టీకాలు చేసుకుంది. మన పశువైద్యశాలల్లో మాత్రం దీనికి టీకా లేదు, చికిత్స కూడా లేదు. ఉందని చెప్పి సూది వేసేవాడికి డబ్బులివ్వకండి.

3. "చచ్చేలోపు అమ్మేయ్, సగం రేటన్నా వస్తుంది"

అన్నిటికంటే ఖరీదైన సలహా ఇదే. ఈ జబ్బు ఎలా పాకిందో చూడండి. 2020లో అస్సాం, అరుణాచల్‌లలో పందులు చచ్చిపోతుంటే భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల ఇది ఆఫ్రికన్ స్వైన్ ఫీవరేనని తేల్చింది. పీ72 అనే ప్రొటీన్ జన్యువును చదివితే రెండో జన్యురకం అని తెలిసింది. 2007లో జార్జియాలో, 2018లో చైనాలో దిగింది కూడా ఈ రకమే. 2022 జులైలో కేరళ వయనాడులో బయటపడింది. ఇంతింత దూరాలు పంది నడిచి రాదు. లారీ, మాంసం, మేత, చెప్పుల బురద, ఏదో ఒకటి మోయాలి. మనకు మాధవరం వంతెన దాటితే కర్ణాటకలోని రాయచూరు జిల్లా, ఇటు ఆదోని నుంచి సిరుగుప్ప ఎంతో దూరం లేదు. వైరస్ సోకాక లక్షణాలు కనబడటానికి 19 రోజుల దాకా పట్టొచ్చు. ఇవాళ నిక్షేపంగా కనిపించే పందిని సంతకు తోలితే, జబ్బును రెండు రాష్ట్రాలకు పంచినట్టే.

4. "హోటల్ ఎంగిలి పందికి ఏం చేస్తుంది?"

పెళ్లిళ్ల రోజుల్లో ఫంక్షన్ హాలు వెనక గేటు దగ్గర చూడండి. టీవీఎస్ ఎక్సెల్‌కు రెండు వైపులా నీలం డ్రమ్ములు కట్టుకుని ఒకాయన నిలబడి ఉంటాడు. సాంబారు, అన్నం, ఎముకలు, విస్తరాకులు అన్నీ ఆ డ్రమ్ముల్లోకే వెళ్తాయి. అది అతని బతుకుతెరువు, నేను తప్పు పట్టను. కానీ 1957లో ఈ జబ్బు ఆఫ్రికా దాటి లిస్బన్ చేరింది విమానాల్లో మిగిలిన తిండి పందులకు వేయడం వల్లే. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మాంసంలో ఈ వైరస్ ఏళ్ల తరబడి బతుకుతుంది. మాంసం, ఎముకలు కలిసిన ఎంగిలి వేయకపోవడమే మేలు. తప్పనప్పుడు కలుపుతూ అరగంటసేపు కళపెళ మరిగించి, చల్లార్చి పెట్టండి. ఒక మోపు కట్టెల ఖర్చుతో దొడ్డంతా నిలుస్తుంది.

5. "వంకలో పారేయ్, కుక్కలు చూసుకుంటాయి"

చచ్చిన పంది నెత్తురు నిండా వైరస్ ఉంటుంది. కోయకండి, పంచకండి, నీళ్లలో వేయకండి. డాక్టరు చూపిన చోట లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. తర్వాత దొడ్డిలో పెంటంతా గీకి కడగండి. మురికి మీద ఏ మందూ పనిచేయదు. కడిగాక 100 లీటర్ల నీళ్లకు 2 కిలోల కాస్టిక్ సోడా కలిపి చల్లండి. చేతులు కాలుతాయి, తొడుగులు మరవద్దు. ఆ చెప్పులతో పక్క దొడ్డికి వెళ్లకండి.

6. "డాక్టరుకు చెప్తే అన్నీ చంపేస్తారు, గమ్మునుండు"

భయం నిజమే. జబ్బు తేలితే కిలోమీటరు లోపు పందులను చంపాలని 2020 జాతీయ కార్యాచరణ ప్రణాళిక చెప్తుంది. పది కిలోమీటర్ల దాకా నిఘా ఉంటుంది. కానీ చంపిన పందులకు కేంద్రం, రాష్ట్రం కలిసి పరిహారం ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. దాచిపెట్టి, వాటంతట అవి చచ్చిపోయాక చెప్తే ఆ పరిహారం అడగడానికి ఏం మిగులుతుంది? పశువుల అంటురోగాల మీద వచ్చిన 2009 చట్టం ప్రకారం అలాంటి రోగం అనుమానం వస్తే చెప్పడం యజమాని బాధ్యత. చెప్పడం వల్ల ఫలితం ఉంటుంది. 1960లో ఈ జబ్బు సోకిన స్పెయిన్, టీకా లేకుండానే, పరీక్షలతో, కట్టడితో 1995కి దాన్ని వదిలించుకుంది.

ఇంకొక మాట. ఇది స్వైన్ ఫ్లూ కాదు, మనుషులకు అంటదు. పందులు మేపుకునే కుటుంబాలను దూరం పెట్టకండి, వాళ్ల పిల్లలను వెలివేసినట్టు చూడకండి. భయపెడితే వాళ్లు దాస్తారు, దాస్తే జబ్బు పాకుతుంది.

పంది జ్వరంతో పడుకుంటే ముందు దొడ్డి తలుపు మూయండి. ఏ పందినీ బయటికి పంపకండి, కొత్తదాన్ని లోపలికి తేకండి. వెంటనే 1962కు గానీ దగ్గర్లోని పశువైద్యశాలకు గానీ ఫోన్ చేయండి. పది సలహాలు విన్నా, చేయవలసింది ఈ ఒక్కటే.