మునగకూడని గీత

ఓడ నడుము దగ్గర, రెండు పక్కలా, నీటికి కాస్త పైన ఒక సున్నా కనిపిస్తుంది. దాని మధ్యలోంచి అడ్డంగా ఒక గీత. అది నేను. సున్నా వెడల్పు 300 మిల్లీమీటర్లు, గీత పొడవు 450, మందం 25. ఏ దేశపు సరుకు ఓడని చూసినా నా కొలతలు ఇవే. సున్నాకి అటూ ఇటూ ‘ఐ’, ‘ఆర్’ అని రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. నన్ను ఎంత ఎత్తులో గీయాలో లెక్కగట్టిన ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ గుర్తు అది. రంగు వెలిసినా నేను పోను. ముందు ఇనుప రేకు మీద వెల్డింగుతో నన్ను ఉబ్బెత్తుగా దిద్ది, ఆ తర్వాతే తెల్లరంగు వేశారు.

ఆ రంగు మళ్లీ వేయడానికి ఒకసారి పలక మీద కూర్చుని కిందికి దిగారు ఇద్దరు. భీమిలి సరంగు ఒకాయన, కొత్తగా చేరిన శ్రీకాకుళం కుర్రాడు ఒకడు.

“ఇదేటి బాబాయ్, ఓడకి బొట్టెట్టేరేటి?”

“బొట్టు కాదురా, పీక. నీళ్లు ఇక్కడికొచ్చేక ఇంకో ముద్ద ఎట్టకూడదు.”

నా గురించి పుస్తకాలు రాసినవాళ్లు కూడా ఇంత పొందికగా చెప్పలేదు.

నా పక్కన, కాస్త ముందువైపు, ఒక నిలువు గీత, దానికి అంటుకుని చిన్న అడ్డగీతలు ఉంటాయి. ఒక్కో గీతకీ ఒక్కో అక్షరాల గుర్తు. ఒడ్డున ఉన్నవాళ్లకి నీళ్లంటే నీళ్లే. ఓడ మీద అలా కాదు. తాగేది, నదిలోది ఫ్రెష్ వాటర్. సముద్రానిది సాల్ట్ వాటర్. రేవులో ఆ రెండూ కలిసినది డాక్ వాటర్. ఓడ అడుగున చేరే మురికి బిల్జ్ వాటర్. ఖాళీ ఓడ తూలిపోకుండా ట్యాంకుల్లోకి ఎక్కించేది బాలాస్ట్ వాటర్. వీటన్నిటికీ వేరువేరు లెక్కలు.

నాకు ముఖ్యమైనవి మొదటి మూడు. ఉప్పునీరు బరువైనది, ఓడని కాస్త పైకి ఎత్తి పట్టుకుంటుంది. మంచినీటికి అంత సత్తువ లేదు. హుగ్లీ నదిలో కోల్‌కతా దగ్గర నింపిన ఓడ అక్కడ నన్ను ముంచేసినా, బంగాళాఖాతంలోకి వచ్చేసరికి పైకి తేలుతుంది. అందుకే ‘ఎఫ్’ అన్న ఫ్రెష్ వాటర్ గీత నాకంటే పైన ఉంటుంది. ‘టీ’ అన్న ఉష్ణమండలపు గీత కూడా నాకు పైనే. తుపానులు తక్కువ ఉన్న జలాల్లో ఓడ ఇంకొంచెం దిగినా ఫరవాలేదని ఆ రాయితీ. చలికాలపు ‘డబ్ల్యూ’ నాకు కింద. వేసవి గీత ‘ఎస్’ నాతో సరిగ్గా ఒకే ఎత్తులో ఉంటుంది.

ఇంతకీ నేను పుట్టింది శామ్యూల్ ప్లిమ్సోల్ అనే బొగ్గు వ్యాపారి మూలంగా. ఆయన డెర్బీ నుంచి బ్రిటిష్ పార్లమెంటుకి ఎన్నికైనవాడు. ఓడ మీద ఇంత లోతుకి మించి దిగకూడదని గీత గీయాలన్న ఆలోచన ఆయన కంటే ముందే న్యూకాజిల్‌లో జేమ్స్ హాల్ అనే ఓడల యజమానికి వచ్చింది, కానీ దాని కోసం పరువు పోగొట్టుకునేంతగా పోట్లాడింది ప్లిమ్సోలే. ఆ రోజుల్లో కొందరు యజమానులు ముసలి ఓడలకి విలువకి మించి బీమా చేసి, పీకలదాకా సరుకు నింపి సముద్రం మీదికి తోలేవారు. చేరితే కిరాయి, మునిగితే బీమా. జనం వాటికి శవపేటిక ఓడలని పేరు పెట్టారు. ఒప్పందం మీద సంతకం చేశాక, ఓడ వాలకం చూసి “నేను ఎక్కను” అన్న నావికుడికి జైలు.

ప్లిమ్సోల్ 1873లో ‘అవర్ సీమెన్’ అని ఒక పుస్తకం వేశాడు. దేశం అట్టుడికింది. సర్కారు మాత్రం నీళ్లు నమిలింది. 1875 జులై 22న డిజ్రేలీ ప్రభుత్వం ఆ ఏడాదికి నౌకల బిల్లుని పక్కన పెడుతున్నట్టు చెప్పగానే, సభలో ఈయన పిడికిలి ఊపుతూ తోటి సభ్యుల్ని దుర్మార్గులని తిట్టాడు. బయటికి పంపేశారు. తర్వాత క్షమాపణ చెప్పాడు కానీ అప్పటికే ఊళ్లు ఆయన పక్షాన నిలిచాయి. 1876లో చట్టం వచ్చింది.

చట్టం వచ్చింది సరే. ప్రతి ఓడ మీదా సున్నా, గీత ఉండాలన్నారు. ఎక్కడ ఉండాలో మాత్రం యజమాని ఇష్టానికే వదిలేశారు! కార్డిఫ్‌లో ఒక కెప్టెన్ నన్ను పొగగొట్టం మీద గీయించాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నాకు నవ్వు రాదు. పేరుకి పుట్టానే గాని, ఇంకో పద్నాలుగేళ్లు నేను ఉత్త రంగుని. నా చోటు ఎవరు నిర్ణయించాలన్నది 1890 చట్టంతో తేలింది. ఓడ కట్టుబడిని బట్టి లెక్క వేస్తారు, యజమాని మాట చెల్లదు. 1906లో బ్రిటిష్ రేవులకి వచ్చే విదేశీ ఓడలకీ నన్ను తప్పనిసరి చేశారు. ఆపైన 1930లో, 1966లో దేశాలన్నీ లండన్‌లో కూర్చుని నన్ను ప్రపంచమంతటికీ ఒప్పించుకున్నాయి. విశాఖలో కట్టి, 1948 మార్చిలో నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగిన జలఉష ఓడకీ నేను ఉన్నాను. అన్నట్టు, ఇంగ్లండు పిల్లలు ఆటలకి వేసుకునే రబ్బరు అడుగు గుడ్డ బూట్లనీ ప్లిమ్సోల్స్ అంటారు. చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ దాటి నీళ్లు వస్తే కాళ్లు తడుస్తాయి కదా.

వాటర్‌లైన్, వాటర్‌టైట్ లాంటి మాటలు మా దగ్గర్నుంచి ఒడ్డుకెక్కి వేషం మార్చుకున్నాయి. మీ టీవీల్లో వాటర్‌టైట్ కేసు అంటారు, అంటే ఎక్కడా సందు లేనిదని. ఇక్కడ వాటర్‌టైట్ అంటే రబ్బరు అంచున్న ఇనుప తలుపు. ఆ మాటని అంతగా నమ్మేవాళ్లకి టైటానిక్ గుర్తు చేస్తాను. దాని అడ్డుగోడలు నిజంగానే వాటర్‌టైట్. అయితే అవి కావలసినంత ఎత్తు లేవు. 1912 ఏప్రిల్‌లో ముక్కు కిందికి వాలేకొద్దీ నీళ్లు ఒక గోడ మీంచి పొర్లి పక్క గదిలోకి పోయాయి. ఎత్తు విషయంలో నేను పట్టుబట్టేది ఊరికే కాదు.

ఒక ఏప్రిల్ నెలాఖరున విశాఖ ఔటర్ హార్బర్‌లో మా ఓడకి ఇనుప ఖనిజం ఎత్తుతున్నారు. ఖనిజం బరువు. గదుల్లో సగానికి పైగా ఖాళీయే కనిపిస్తుంది, ఓడ మాత్రం దిగిపోతూ ఉంటుంది. సరుకు తాలూకు మనిషి ఒడ్డున నిలబడి ఆ ఖాళీని చూసి ఉడికిపోతున్నాడు. చీఫ్ ఆఫీసర్ ఓడ నడుము దగ్గర బకెట్ దించి నీళ్లు తోడి, హైడ్రోమీటర్ వేసి చూశాడు. సాంద్రత రాసుకున్నాడు. తర్వాత పడవలో నా ఎదురుగా వచ్చి అలల మధ్య నీటిమట్టం చదివాడు.

“సార్, టీ గీత ఇంకా పైనే ఉంది కదా. ఒక జానెడు. దానిదాకా వెయ్యనివ్వండి.”

“వేసవి లోతు 12 మీటర్లు. అందులో 48వ వంతు, పావు మీటరు. మా ఓడ ఒక్క సెంటీమీటరు దిగాలంటే 55 టన్నులు కావాలి. మీ జానెడు ఎన్ని టన్నులో లెక్కేసుకోండి.”

“వెయ్యి దాటుతుంది సార్. అందుకే అడుగుతున్నాను.”

“బంగాళాఖాతంలో టీ గీత డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకానే. మే 1న మేం నడిసముద్రంలో ఉంటాం. అప్పటికి ఎస్ గీత మునిగి ఉండకూడదు. దారిలో ఖర్చయ్యే ఆయిలు మహా అయితే ఓ సెంటీమీటరు తేలుస్తుంది. ఆ మేరకు వేసుకోండి.”

“ఒక్క రోజు తేడాకి సముద్రం మారిపోతుందా సార్?”

చీఫ్ ఆఫీసర్ జవాబు చెప్పలేదు. వాకీటాకీలో లోడర్ ఆపమన్నాడు. బెల్టు ఆగింది. ఆ మనిషి నా వైపు ఒకసారి కోపంగా చూసి, మిగిలిన వెయ్యి టన్నులూ తర్వాతి ఓడలో సర్దమని చెప్పడానికి ఫోన్ తీశాడు.