డోలాశయన శీతనివారణము: ఉష్ణబోధినీ వ్యాఖ్యాసహితము

అవతారిక

సాధారణముగా లోకమున మూలము ముందు పుట్టి, కొన్ని శతాబ్దములు గడచిన పిమ్మట వ్యాఖ్యానము దాని జాడ పట్టి వచ్చును. ఇచ్చట ఆ క్రమము తలక్రిందులైనది. అమెరికా తూర్పుభాగమున, జార్జియా రాష్ట్రములోని స్ప్రింగర్ కొండ మొదలుకొని మెయిన్ రాష్ట్రములోని కటాడిన్ కొండ వరకు సుమారు 2,200 మైళ్లు సాగు అపలేచియన్ కాలిబాటపై, రెండు చెట్ల నడుమ గుడ్డయూయల కట్టుకొని రాత్రులు గడపువారికి వీపు క్రింద కలుగు చలిని గూర్చి జరిగిన వాదోపవాదములను వినగా, వ్యాఖ్యానమునకు కావలసిన సామగ్రి యంతయు సిద్ధముగ నుండియు వ్యాఖ్యానించుటకు పద్య మొక్కటియు లేని కొరత కనబడినది. ఆ కొరత తీర్చుటకై వ్యాఖ్యాతయే యొక ఆటవెలదిని కూర్చుకొనవలసివచ్చెను. కావున పద్యమున దోషములున్నచో వ్యాఖ్యాత వానిని గుణములుగా నిరూపించును. అది వ్యాఖ్యాతలకు పరంపరగా సంక్రమించిన హక్కు.

మూలము

చెట్ల నడుమ వ్రేలు చేలంపు టూయలఁ
బైని సంచి గప్పి పండు నతఁడు
వీఁపు క్రింద గాలి వీచిన చాలును
నిప్పునే తలంచు నిద్ర విడిచి.

టీక

చెట్ల నడుమన్ = రెండు చెట్ల మధ్యను; వ్రేలు = వ్రేలాడుచున్న; చేలంపుటూయలన్ = గుడ్డతో కుట్టిన ఉయ్యెలయందు, అనగా నేటివారు హామక్ అను దానియందు; పైని = దేహముమీద; సంచి = స్లీపింగ్ బ్యాగును; కప్పి = కప్పుకొని; పండు నతడు = పరుండినవాడు; వీపు క్రిందన్ = వెన్నునకు అడుగున; గాలి వీచిన చాలును = కొంచెము గాలి తగిలినంత మాత్రముననే; నిద్ర విడిచి = కంటికి కునుకు లేనివాడై; నిప్పునే తలంచున్ = అగ్నిని తప్ప మరియొకదానిని స్మరింపడు.

తాత్పర్యము

ఊయలలో పరుండువాడు పైన ఎంత ఖరీదైన సంచి కప్పుకొన్నను, అడుగున రక్షణ లేనిచో తెల్లవారువరకు వణకుచుండును.

వ్యాఖ్య

"వ్రేలు" అను విశేషణము పాదపూరణమునకై పడినది కాదు. ఊయలకు సుఖమును వ్రేలాడుటవలననే, దుఃఖమును వ్రేలాడుటవలననే. కరీబియన్ దీవులలోని టైనో జనులు ఇట్టి శయ్యలలో పరుండుచుండగా 1492లో కొలంబసుతో వచ్చిన నావికులు చూచిరి. ఆ దీవులలో రాత్రియు ఉక్కయే గనుక, నేలకు ఎడముగ నున్న దేహము క్రిందుగా గాలి పోవుచుండుట మహోపకారము; తడినేలయు పురుగుపుట్రయు సోకకుండుట దానికి తోడు. అట్లు దేహమును చల్లార్చుటకు పుట్టిన సాధనమును, మార్చి నెలలో ఇంకను మంచు పడుచుండు గ్రేట్ స్మోకీ పర్వతములమీదికి వీపున మోసికొనిపోయి, అది చల్లగా నున్నదని నిందించుట యెట్టి న్యాయమో పాఠకులే విచారింతురు గాక. ఆ పర్వతముల పాదమున నున్న గాట్లిన్‌బర్గ్ పట్టణము సుమారు 1,300 అడుగుల ఎత్తున నున్నది. 2024 వరకు క్లింగ్‌మన్స్ డోమ్ అని పిలువబడి ఇప్పుడు తన చెరోకీ నామమైన కువోహిని మరల పొందిన శిఖరము 6,643 అడుగులు. ఆ కాలిబాట యంతటిలో దానికి మించిన ఎత్తు లేదు. కిలోమీటరు ఎక్కినకొలది ఆరు, ఆరున్నర సెల్సియస్ డిగ్రీలు తగ్గునను లెక్క చొప్పున, పట్టణములో చొక్కాతో తిరిగినవాడు శిఖరము చేరునప్పటికి పది డిగ్రీలు పోగొట్టుకొనియుండును. ఇంక గాలి సంగతి వేరు.

"పైని సంచి గప్పి." ఇచ్చట కవి "సంచి దూరి" యనక "కప్పి" యనుట గమనింపదగినది. ఊగుచున్న గుడ్డలో వెల్లకిల పడి, కాళ్లు ముందుగా సంచిలోనికి దూర్చి, జిప్పు భుజము వరకు లాగికొనుట యెంతటి వ్యాయామమో చేసినవారికే యెరుక. తెలిసినవారు సంచి జిప్పు విప్పి, పాదములుమాత్రము లోన నుంచి, తక్కిన దానిని దుప్పటివలె పైన పరచుకొందురు. అట్లు చేయుటవలన నష్టమేమియు లేదు. ఏలయన సంచి యొక్క అడుగుభాగము ఊయలలో ఎట్లును పనికిరాదు. ఆ రహస్యమే ఈ పద్యమునకు ప్రాణము.

సంచి వెచ్చదనము బట్టలోను లేదు, బాతు నూగులోను లేదు. ఆ నూగు కదలనీయక పట్టి యుంచిన గాలిలో నున్నది. అందుకే నూగు మేలిమిని బరువును బట్టి గాక, ఔన్సు నూగు విచ్చుకొని ఎన్ని ఘనపు అంగుళముల చోటు ఆక్రమించునో దానిని బట్టి నిర్ణయింతురు. ఎనిమిదివందల నూగు అనగా ఔన్సుకు ఎనిమిదివందల ఘనపు అంగుళములు పొంగునది. దూదేకులవాడు కొత్తగా ఏకిన దూది వంటిది అది; దానిపై మనిషి పరుండినచో దూది అక్కడనే యుండును గాని ఉబ్బు ఉండదు. ఉబ్బు పోగా గాలి పోవును, గాలి పోగా వెచ్చదనము పోవును. ఇంత వెల పెట్టి కొన్న సంచిలో సగము వీపు క్రింద నలిగి, కొండలు ఎక్కునప్పుడు మోయవలసిన బరువుగా మాత్రము మిగులును.

ఇచ్చట పూర్వపక్షి లేచి యడుగును: "నేలమీద డేరాలో పరుండువానికిని అడుగుభాగము నలుగునే, వానికి లేని బాధ వీనికేల?" వినుడు. నేలమీదివానికి అడుగున చల్లని మన్నున్నమాట నిజమే. కాని ఆ మన్ను కదలదు. దేహమునుండి కొంత వేడిని త్రాగి తానును కొంత వెచ్చబడును. ఊయల క్రింద గాలి క్షణమునకొకటిగా మారుచుండును. వచ్చిన గాలి తన పాలు వేడి తీసికొనిపోవును, దాని వెనుక వచ్చినది మరల క్రొత్తగా చేయి చాచును. మన్ను నిలిచి తీసికొనునది, గాలి కొనిపోయి మరల రానిది. ఈ భేదమును సూచించుటకే కవి "చలి" యనక "గాలి" యన్నాడు.

సంచిపై అచ్చువేసిన అంకెలను ప్రమాణముగా చూపువారును కలరు. వారికి సమాధానమిది. ఐఎస్‌ఓ 23537 అను ప్రమాణము ప్రకారము, వేడిచేయబడిన మనుష్యాకారపు బొమ్మను సంచిలో పెట్టి కొలుతురు. అందు వచ్చు అంకెలలో కంఫర్టు, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అను మూడు ముఖ్యములు. మొదటిది సుఖముగ నిద్రించువారికి, రెండవది ముడుచుకొని పరుండి యెట్లో రాత్రి గడుపువారికి. మూడవదానికి నిద్రతో సంబంధములేదు, ప్రాణముతోనే. మరియు ఆ బొమ్మ క్రింద పరుపు వేసియే కొలత తీయుదురు. కావున అంకె అబద్ధము చెప్పలేదు. పరుపును ఇంట విడిచి అంకెను మాత్రము అడవికి తెచ్చినవాడు తన్ను తాను మోసగించుకొన్నాడు.

"వీఁపు క్రింద." వీపు అనునది ఉపలక్షణము. హామక్ జనులలో ఈ వ్యాధికి కోల్డ్ బట్ సిండ్రోమ్ అను పేరు వ్యాప్తిలో నున్నది. మన కవి మర్యాదస్థుడగుటచే ఆ స్థానమునకు కొంచెము పైనున్న అవయవమును చెప్పి యూరకున్నాడు.

ఈ వీపు క్రింద ఏమి పెట్టవలెనను విషయమున రెండు సంప్రదాయములు కలవు. మొదటిది పరుపువాదము. దీనికి శిష్టాచారము బలముగా నున్నది. బ్రిటిషు నౌకాదళము 1597లో ఊయలలను అంగీకరించినది మొదలు, నావికులు అందులో పలుచని పరుపు వేసికొనియే పరుండిరి. నౌకాసేనాని నెల్సను కాలమున ఓడలో ఒక్కొక్క ఊయలకు పదునాలుగు అంగుళముల వెడల్పు మాత్రము చోటు గనుక, ఇరుప్రక్కల నున్న మనుష్యుల వేడియు వారికి లభించెడిది. నేటి ఏకాంతవాసులకు ఆ భాగ్యము లేదు. ఇప్పటి పరుపులు రెండు తెగలు: గాలి యూదునవి, నురగరబ్బరు వంటి ఫోముతో చేసిన మడతచాపలు. వీని చలినిరోధమును ఆర్-వాల్యూ అను అంకెతో చెప్పుదురు. 2018లో ఆ కొలతకు ఏఎస్‌టీఎమ్ ఎఫ్3340 అను ప్రమాణము వచ్చినది మొదలు, వేడిపలకకు చల్లనిపలకకు నడుమ పరుపు నుంచి లెక్క తీయుచున్నారు. రెండు పరుపులు ఒకదానిపై నొకటి వేసినచో అంకెలు కూడుకొనవచ్చును. రెండును రెండును నాలుగగుట శాస్త్రములలో ఇంత స్వచ్ఛముగ జరుగుచోట్లు తక్కువ.

కాని పలకలు సమతలములు, ఊయల వంపు. నేలమీద చక్కగానున్న పరుపు ఊయలలో వంకరపోవును, అర్ధరాత్రి జారును, తెల్లవారునప్పటికి మనుష్యుడొకవైపున పరుపొకవైపున నుందురు. అంతకు మించి భుజముల బాధ: ఊయల గుడ్డ ఇరువైపులనుండి లోనికి ఒత్తుటచే, ఇరువది అంగుళముల పరుపు దాటి భుజములు బయటికి వచ్చి, సంచియొక్క నూగును అక్కడ నలిపివేయును. దీనికి ప్రతీకారములు చెప్పబడినవి. రెండు పొరల గుడ్డతో కుట్టిన ఊయల కొని, పరుపును ఆ పొరల నడుమ దూర్చిన జారదు. వెడల్పు పరుపు వాడవలెను, లేదా ఫోముచాప ముక్క నొకదానిని భుజముల క్రింద అడ్డముగ వేయవలెను. ఊయలను బిగించి కట్టరాదు. పట్టీలు సుమారు ముప్పది డిగ్రీల వాలుతో నుండునట్లు వదులుగ కట్టి, మధ్యరేఖకు అడ్డముగ, ఐమూలగ పరుండవలెను. అప్పుడు వెన్ను చాలవరకు సమతలమగును, గుడ్డ భుజములను పిండదు. పరుపును గూడ ఆ ఐమూలనే వేయవలెనని వేరుగా చెప్పవలసివచ్చుట విచారకరము, కాని అనుభవమున చెప్పవలసియే యున్నది. ఇంకొక దోషము చెమట: ఫోము గాలి పీల్చదు గనుక వెచ్చనైన రాత్రి వీపు తడియును, ఆ తడి వేకువజామున చలిగా పరిణమించును.

రెండవది బొంతవాదము. అండర్‌క్విల్టు అని వారు పిలుచు ఈ బొంతను ఊయలలోపల గాక వెలుపల, అడుగున, సాగెడి త్రాళ్లతో వ్రేలాడగట్టుదురు. మనిషి బరువు గుడ్డమీద పడును గాని బొంతమీద పడదు. కనుక నూగు నలుగదు, తన పూర్తి ఉబ్బుతో వీపునకు అంటియు అంటకయు నుండును. యుక్తి చూడ నిర్దుష్టము. క్లేశమంతయు ఆ "అంటియు అంటక" యనుచోట నున్నది. త్రాళ్లు వదులైనచో నడుమ సందు పడి గాలి దూరును, బొంత యుండియు లేనట్లే; బిగువైనచో నూగు అణగి మొదటికి వచ్చును. పరుండినవాడు తన వీపును తాను చూచుకొనజాలడు గనుక, స్నేహితుడొకడు బొంతకు గుడ్డకు నడుమ చేయి దూర్చి పరీక్షింపవలెను. అట్లు తన్ను పరీక్షింపనిచ్చుటకు కొంత స్నేహము కావలెను. చివరలయందు త్రాటిముడి బిగించి మూతులు మూయుట మరువరాదు, అటనుండియే గాలి దొంగతనముగ వచ్చును. ముప్పాతిక పొడవు బొంత కొని బరువు తగ్గించుకొన్నవారికి పాదములు మిగులును. వాని క్రింద చిన్న ఫోముముక్క వేసికొందురు. ఊయల యంతటిని సంచి మధ్యనుండి పోనిచ్చి, సంచిని ఊయలకే తొడిగెడి మూడవ మతము కలదు. అది చూచుటకు పురుగు గూడువలె నుండును, పనిచేయును. రాత్రి లేవవలసివచ్చినప్పుడు దాని కర్తనే నిందింతురు.

ఇక సిద్ధాంతము. బొంతయే శ్రేష్ఠమని వ్యాఖ్యాత యొప్పుకొనును. అయినను ఊయలకు క్రొత్తవాడు, అందును స్మోకీలలో నడచువాడు, ముందుగా పరుపునే కొనవలెను. ఏలయన అక్కడి జాతీయ పార్కు నిబంధనలచొప్పున, బాటప్రక్కన నున్న రాతి వసారాలలో ఊయల కట్టరాదు, వసారా స్తంభములకును కట్టరాదు. నిర్ణయించిన విడిది స్థలములలోనే కట్టవలెను. వానలో వసారా చేరినవాడు పలకలపై పరుండవలసినదే. అప్పుడు పరుపువాని చేతిలో పరుపున్నది. బొంతవాని చేతిలో రెండువందల డాలర్లకు పైబడిన నూగు, దానిక్రింద పలక యున్నవి.

గాలికి అడ్డుగ టార్పాలిన్‌ను క్రిందికి దించి, గాలి వచ్చువైపు నేలకు చేరువగ కట్టుట, ఎత్తైన గట్టు విడిచి పల్లపు చోటు ఎన్నుకొనుట, కొలనుల ప్రక్కన దిగకుండుట అందరెరిగినవే. నిద్రకు ముందు నెయ్యి, గింజల వంటి కొవ్వు గల ఆహారము తిని, పొడి మేజోళ్లు తొడిగి, వేడినీళ్లు నింపిన సీసాను మూత గట్టిగ బిగించి తొడల నడుమ పెట్టుకొనుట పెద్దల ఉపదేశము. అయితే ఆ గింజల సంచిని ఊయలలో దిండు క్రింద దాచరాదు. ఎలుగుబంట్లకు ఈ వాదములలో పక్షపాతము లేదు. పరుపువాని వద్దకును బొంతవాని వద్దకును సమముగనే వచ్చును. అందుకే ఆ విడిదులలో ఆహారము వ్రేలాడదీయుటకు ఉక్కుతీగలు కట్టియుంచిరి.

"నిప్పునే తలంచు." తలంచునే గాని ముట్టింపడు, అందు కవి యౌచిత్యము కలదు. మంట యొక ప్రక్కను మాత్రము కాల్చును, వీపు క్రిందికి రాదు. దానికి చేరువగ ఊయల కట్టినచో ఒక్క నిప్పురవ్వ చాలును, నైలాను గుడ్డ కరగి చిల్లిపడును. ఊయల అడుగున పొయ్యి పెట్టుకొందునన్న వీరునొకనిని వ్యాఖ్యాత చేయిపట్టి ఆపవలసివచ్చినది. మరియు స్మోకీలకు బయటినుండి తెచ్చెడి కట్టె వేడిచేసి ముద్రవేసినదై యుండవలెనను నియమము కలదు. కట్టెలో దాగివచ్చు పురుగులు అక్కడి చెట్లను చంపుననియు, చెట్లు లేనిచో ఊయల యెక్కడ కట్టుదురనియు దాని భావము.

ఈ పాదమునకు పాఠాంతరము కలదు. అట్లాంటాలో ఉద్యోగము చేయు మా మేనల్లుడు, స్నేహితులతో స్ప్రింగర్ కొండకు పోయి, పరుపు లేక ఒక రాత్రి గడిపి వచ్చి, "మావయ్యా, అక్కడ 'ఇంటినే తలంచు' అని ఉండాలి" అని వాదించెను. అర్థము పరిశీలింపగా నిరాక్షేపణీయమే. కాని నాలుగవ గణముననున్న "ని"తో "ఇం"కు యతి చెల్లదు. కావున ఆ పాఠము త్యాజ్యము.