ఉప్పల్ కెల్లి నాచారం దాకా

మా బడిలో పిల్లల్ని ఆడించాలంటే టీచరు ముందు ఒక ఫారం నింపాలి. ఆట పేరు, ఉద్దేశం, పట్టే సమయం, కావలసిన సామగ్రి, ఆట ముగిశాక పిల్లల్లో కనిపించే మార్పు. ఆఖరి గడి దగ్గర నా పెన్ను కాసేపు ఆగుతుంది. నలభై మందిని ఒక గదిలో ఆడిస్తే కనిపించే మార్పులు అందరికీ తెలిసినవే: చొక్కాలకు గుండీలు తగ్గుతాయి, పక్క క్లాసు లెక్కల మాస్టారికి బీపీ పెరుగుతుంది. ఫారంలో మాత్రం ‘విభక్తి ప్రత్యయాలను సందర్భానికి తగినట్టు వాడగలుగుతారు’ అని రాసి సంతకం పెడతాను.

ఆ సామర్థ్యం వాళ్లకు మూడో ఏడు రాకముందే వచ్చేసింది. ‘అమ్మకి చెప్తా’, ‘నాన్నతో పోతా’ అనని పిల్లలు ఉప్పల్‌లో లేరు. ఆ రెండు బెదిరింపుల్లో మొదటిది షష్ఠీ విభక్తి, రెండోది తృతీయ అని తెలియకపోవడమే వాళ్ల లోటు. ఆ లోటు తీర్చడానికే నాకు జీతమిస్తారు. ఏ బోర్డు బడైనా సరే తెలుగు చెప్పి తీరాలని తెలంగాణ ప్రభుత్వం 2018లో చట్టం చేశాక, ఉప్పల్‌కీ నాచారానికీ మధ్య సందుకొకటిగా ఉన్న ఇంగ్లీషు మీడియం బళ్లలో మాలాంటివాళ్లకు గిరాకీ పెరిగింది. స్టాఫ్ రూములో ఫ్యాను కింద కుర్చీ కూడా దొరికింది.

విభక్తుల పట్టిక మా చిన్నప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. డు, ము, వు, లు దగ్గర బయల్దేరి ఓయీ, ఓరీ, ఓసీ దగ్గర ఊపిరి పీల్చుకుంటుంది. ఈ చదువుకి మూలపురుషుడు పరవస్తు చిన్నయసూరి. ఆయన 1858లో మద్రాసులో వెలువరించిన గ్రంథం పేరు బాలవ్యాకరణం. పేరులో ‘బాల’ ఉందని ఎమ్మే తెలుగు విద్యార్థికి పరీక్ష ముందురోజు రాత్రి చెప్పి చూడండి, మొహం చూసి రండి. సంస్కృతం నమూనాలో ఎనిమిది గదులు కట్టి తెలుగు ప్రత్యయాలను వాటిలో సర్దారు పెద్దలు. కొన్ని గదులు ఖాళీ అయి చాలాకాలమైంది, టులెట్ బోర్డు పెట్టడమే తరువాయి. ‘కొరకు’, ‘కై’ బ్యానర్ల మీదికి మకాం మార్చాయి. ‘యొక్క’ పరీక్ష పేపర్లలోనూ, ఇంగ్లీషు నుంచి తర్జుమా అయిన నోటీసుల్లోనూ కాపురముంటోంది. మా ఐదో తరగతిలో ఒకడు పక్కవాడితో గొడవపడుతూ ‘అది నా యొక్క రబ్బరు’ అన్నాడు. వ్యాకరణం నిర్దోషం. క్లాసంతా వాణ్ని వారం పాటు ‘ఏయ్ యొక్కా’ అని పిలిచింది.

అందుకే పట్టిక మూసేసి కండక్టర్ ఆట పెట్టాను. బెంచీలు రెండు వరసలు చేస్తే బస్సు. నుంచి, కి, లో, తో, దాకా, కోసం అని అట్టముక్కల మీద రాసి కండక్టరు చేతికిచ్చాను. ప్రయాణికుడు ఊరి పేరుకు సరైన ప్రత్యయం తగిలించి అడిగితేనే టికెట్టు. ‘ఉప్పల్ నుంచి నాచారానికి ఒక టికెట్టు’ అంటే రెండు పాయింట్లు. తప్పితే దిగిపోవాలి.

ఇద్దరు బుద్ధిమంతులు ఎక్కి కూర్చున్నారు. మూడోవాడు ఫుట్‌బోర్డు మీదే నిలబడి ‘నాచారం ఒకటి’ అన్నాడు. దిగమన్నాను. దిగలేదు.

‘అట్ల ఎవరంటరు టీచర్ బస్సుల? మా డాడీ కండక్టరే. నాచారం ఒకటి, హబ్సిగూడ రెండు, గంతే. నాచారానికి ఒక టికెట్ ఇవ్వండి అనుకుంట నిలబడితే ఎనకోళ్లు తొక్కేస్తరు.’

వృత్తిలో ఉన్నవాళ్ల సాక్ష్యం. కాదనడానికి లేదు. ఈలోగా ఆడపిల్లలంతా జట్టుగా ఎక్కి, ప్రత్యయమూ లేకుండా టికెట్టూ లేకుండా కిటికీ సీట్లు ఆక్రమించేశారు. ఇదేమిటంటే ‘మాకు ఫ్రీ టీచర్’ అన్నారు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆర్టీసీ బస్సుల్లో వాళ్లకు జీరో టికెట్టే. ప్రభుత్వమే వదిలేశాక నేనెవర్ని పట్టుకోవడానికి? కానీ కండక్టరు గట్టివాడు. ‘జీరో టికెట్ కొట్టాలన్నా ఏడికెల్లి ఏడికో చెప్పాలె’ అన్నాడు. ‘ఉప్పల్ కెల్లి నాచారం దాకా’ అంది ముందు సీటు అమ్మాయి. కండక్టరు అట్టముక్కలన్నీ తిరగేశాడు. ‘కెల్లి’ లేదు.

క్లాసు రెండుగా చీలింది. వరంగల్, నల్లగొండల నుంచి వచ్చి బోడుప్పల్‌లో ఇల్లు కట్టుకున్నవాళ్ల పిల్లలు ‘కెల్లి’ పక్షం. గుంటూరు, రాజమండ్రి వైపు మూలాలున్నవాళ్లు ‘నుంచి’ పక్షం. తీర్పు కోసం పుస్తకం తెరిచాను. పంచమీ విభక్తికి వలన, కంటె, పట్టి అని ఉంది. ఆ లెక్కన ఉప్పల్‌లో ఎవరూ బస్సెక్కడానికి వీల్లేదు. ‘ఉప్పల్ వలన నాచారం వెళ్తున్నాను’ అని చూశాడొకడు. కండక్టరు వాణ్ని ఆస్పత్రి స్టాపులో దింపుతానన్నాడు.

చివరికి తగవు తీర్చింది నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే ఒడియా దంపతుల కూతురు. ‘రెండూ కరెక్టే టీచర్. మా ఓనర్ ఆంటీ కెల్లి అంటది, షాపంకుల్ నుంచి అంటడు. నాకు ఇద్దరూ చాక్లెట్ ఇస్తరు’ అంది. ఇంట్లో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు, వీధిలో తెలుగు ఆ పిల్లది. ప్రత్యయం ఒక్కటీ తప్పదు. అప్పటికప్పుడు స్కెచ్ పెన్నుతో ‘కెల్లి’కీ ఒక అట్టముక్క రాసిచ్చాను.

రెండోది రైలు ఆట. పదం ఇంజను, ప్రత్యయాలు పెట్టెలు. ‘బస్సు’ వెనక ‘లు’, దాని వెనక ‘లో’, ఆ వెనక ‘కి’. ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ‘బస్సులలోకి’ అని కూత పెడుతూ గది చుట్టూ తిరగాలి. ఇక్కడొక మెలిక ఉంది. ‘లు’ అట్ట పట్టుకున్నవాడు వెనక పెట్టె తగలగానే కొమ్మును బొటనవేలితో మూసేయాలి. అప్పుడది ‘ల’ అవుతుంది. పాపం, ఆ పని దక్కినవాడు పీరియడంతా వేలు తియ్యకుండా కాపలా కాశాడు. చెమటకి స్కెచ్ రంగు కరిగి, కొమ్ము కాస్తా వాడి వేలికి అంటుకుంది.

ఇంజన్లలోనూ కొన్ని మొండివి, కొన్ని మారేవి. ‘ఇల్లు’ వెనక పెట్టె తగిలితే అట్ట తిప్పాలి. వెనకవైపు ‘ఇంటి’ అని ఉంటుంది. ఊరు తిప్పితే ఊరి, నోరు తిప్పితే నోటి, చెయ్యి తిప్పితే చేతి. వీటికి ఔపవిభక్తికాలని పేరు. ఆ పేరు చెబితే పిల్లలు లంచ్ బెల్లు కోసం చెవులు రిక్కిస్తారు. అట్ట తిప్పమంటే తోసుకుంటూ వస్తారు. ‘ఇల్లుకి పోతా’ అనే పిల్లలు కూడా రెండు రౌండ్లయ్యాక ‘ఇంటికి’ దారి పట్టారు. ‘పన్ను’ దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. తిప్పి ‘పంటి’ చెయ్యనన్నాడు ఇంజను. ‘ఇది మా నాన్న కట్టే పన్ను టీచర్.’ నిజమే. నోట్లో పన్ను ‘పంటికి’ అవుతుంది. ప్రభుత్వం పన్ను ఏం తగిలించినా మారకుండా ‘పన్నుకి’ దగ్గరే బిగుసుకుంటుంది. ‘నొప్పి రెండిట్లో ఉంటది. మా డాడీకి మార్చిల వస్తది’ అన్నాడు వెనక బెంచీవాడు.

ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న వారం పాఠం ఏదైనా క్రికెట్‌లోకే పోతుంది కాబట్టి, ఆ వారం ‘గాడు’ తీశాను. ఆటగాడు, వేటగాడు, మొనగాడు, అందగాడు. అదే ‘గాడు’ని పక్కవాడి పేరుకు తగిలిస్తే పంచాయితీ ప్రిన్సిపాల్ దాకా వెళ్తుంది. జోడీలు చెప్పమన్నాను. అందగాడికి అందగత్తె అన్నారు. ఆటగాడికో? ‘ఆటగత్తె’ అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. నియమం ప్రకారం ఒప్పే. లోకం ఆ మాటకు కట్టిన అర్థం వేరు. అందుకే పత్రికలవాళ్లు ‘క్రీడాకారిణి’ అంటూ సంస్కృతం గుమ్మం తొక్కుతారు. ఎలా చెప్పాలా అని నేను చూస్తుంటే, మా కబడ్డీ జట్టు అమ్మాయి లేచి, ‘నేను కూడా ఆటగాడే అని రాయండి టీచర్, కప్పు వస్తే చాలు’ అని కూర్చుంది.

అడ్రసు ఆటలో ఎవరిల్లు ఎక్కడో అట్టముక్కలు పేర్చి చెప్పాలి. రింగురోడ్డులో దిగి, స్కైవాక్ మీద నడిచి, మెట్రో పిల్లరు పక్కన, బిర్యానీ హోటల్‌కి ఎదురుగా, మెడికల్ షాపు మీద. అట్టలు చాలక కొత్తవి రాయాల్సి వచ్చింది. ‘ఫ్లైఓవర్’ పక్కన మాత్రం ప్రతివాడూ ‘కింద’ అనే పెట్టాడు. వీళ్లు మాటలు నేర్చుకునే వయసులో, 2018లో, ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్‌కి శంకుస్థాపన జరిగింది. ఇన్నేళ్లలో వీళ్లకు ‘కింద’ బాగా వచ్చింది. ‘మీద’ ఇంకా రాలేదు.

సంబోధన ప్రథమకు నేను ఏ ఆటా పెట్టలేదు. పిల్లలే పెట్టుకున్నారు. సాయంత్రానికి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒక తల్లి నిలదీశారు: ‘మా పాప వాళ్ల నానమ్మని ఓసీ నానమ్మా అంది. ఇదేనా మేడం మీరు నేర్పేది?’ పాఠ్యపుస్తకంలో ఆ పేజీ ఫొటో తీసి పంపాను. మర్నాడు పాప చెప్పిన కథ వేరు. నానమ్మకు కోపమే రాలేదట. డు, ము, వు, లు నుంచి మొదలుపెట్టి పట్టికంతా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పి, ‘మీ అమ్మని చెప్పమను చూద్దాం’ అందట.

మా కోఆర్డినేటర్ గారికి ఫిన్లాండ్ చదువులంటే ప్రాణం. అక్కడంతా ఆటపాటలే, మనకే ఈ బట్టీయం అంటూ ఉంటారు. ఫిన్నిష్ భాషలో పదిహేను విభక్తులున్నాయనీ, మనవాటికి ఇంచుమించు రెట్టింపనీ, అయినా అక్కడి పిల్లలు మాటలతోపాటే వాటిని పట్టేస్తారనీ చెప్పాను. ఆవిడ కళ్లు మెరిశాయి. ‘పదిహేనింటికీ వర్క్‌షీట్లు ఉంటాయా?’ అన్నారు.

నాకు తెలిసిందల్లా ఇది: మా పిల్లలు మాటల్ని ఎక్కడ దొరికితే అక్కడ తెచ్చుకుంటారు. బడిలో ఇంగ్లీషు, దుకాణంలో ఉర్దూ, కార్టూన్లలో హిందీ. చివర తగిలించేది మాత్రం ఇంట్లోదే. ‘హోంవర్క్‌ని బ్యాగ్‌లో పెట్టి ఫ్రెండ్‌తో గ్రౌండ్‌కి పోయిన’ అన్నవాడికి తెలుగు రాదని ఎలా అనను? నాలుగు పేర్లూ ఇంగ్లీషువే. ని, లో, తో, కి ఎవరూ నేర్పకుండా వచ్చినవి. ఇల్లు తిప్పితే ఇంటి అవుతుందని చూపించడం, ‘కెల్లి’కి ఒక అట్టముక్క ఇవ్వడం, వాళ్ల నోట్లో ఉన్నదాన్ని వాళ్ల చెవికి వినిపించడం, ఇంతవరకే నా ఉద్యోగం. దానికి ఆట కన్నా సుళువైన దారి నాకు దొరకలేదు.

మొన్న పేరెంట్స్ మీటింగులో మా ‘యొక్క’ గారి తండ్రి ఎదురుగా కూర్చుని, కొంత బాధగానూ కొంత గర్వంగానూ మొదలుపెట్టారు. ‘మేడం, మా బాబుకి తెలుగులో బేసిక్సే లేవండీ. హోంలో మేం ఇంగ్లీష్‌లోనే మాట్లాడతాం.’

నేను నోరు తెరిచేలోపే, పక్కన నిలబడ్డ పుత్రరత్నం వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.

‘కి, లో, లో, లో. నాలుగు పాయింట్లు డాడీ!’ అని నావైపు తిరిగి, ‘బేసిక్సే అన్నడు కదా టీచర్, ఆ ఏ-కి బోనస్ ఇస్తరా?’ అన్నాడు.

ఇచ్చాను.