ఫస్టు మార్కు సిస్టరమ్మ

కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్‌లో మా బ్యాచికంతటికీ నాదే ఫస్టు మార్కు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇప్పుడు చెప్పబోయే తెలివితక్కువ పనులన్నీ ఆ మార్కు ఇచ్చిన ధైర్యంతోనే చేశాను కాబట్టి, కారణం ముందే చెప్పుకోవడం న్యాయం.

నన్ను నూజివీడు దగ్గర ఒక సబ్‌సెంటరుకు వేశారు. అప్పటికి ఆ ఊళ్లన్నీ కృష్ణా జిల్లాలోవే. నూజివీడు ఏలూరు జిల్లాలో కలిసింది 2022 ఏప్రిల్‌లో. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట, ఎటు పోయినా మామిడే. బంగినపల్లి, చిన్న రసాలు, పెద్ద రసాలు, కలెక్టరు కాయ. అక్కడి మనుషుల రోజులు తోట చెప్పినట్టు నడుస్తాయి. సంక్రాంతికి అటూ ఇటూగా పూత, ఆ తర్వాత పిందె, ఉగాది దాటాక కోతలు. నా రోజులు మాత్రం గోడకి అంటించుకున్న పర్యటనల పట్టిక చెప్పినట్టు నడిచేవి. బుధ, శనివారాలు టీకాలు, మిగతా రోజులు గృహ సందర్శనలు, ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా.

పది గంటలకి సంచి తగిలించుకుని బయల్దేరేదాన్ని. సగం ఇళ్లకి తాళాలు. మిగతా సగం ఇళ్ల అరుగుల మీద ముసలివాళ్లు. రెండు వారాలు చూసి రిజిస్టర్‌లో చాలా ఇళ్లకి ఎదురుగా ఒకే మాట రాశాను: ‘కుటుంబం సహకరించలేదు.’ ఆ అక్షరాలు ఎంత గుండ్రంగా రాశానో ఇప్పటికీ గుర్తుంది.

ఒక ముసలమ్మ జాలిపడి చెప్పింది. “తెల్లారగట్లే తోటలోకి పోయారమ్మా. నువ్వొచ్చే వేళకి ఇళ్లల్లో ఉండేది పనికి పోలేని మేమే.”

“సిస్టరు వస్తుందని ముందే చెప్పాను కదా బామ్మా, ఒక్క రోజు ఆగలేరా?” అన్నాను.

“ఆగితే కూలి నువ్విస్తావా?” అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు. నేను దాన్ని కూడా సహకరించకపోవడం కిందే జమ కట్టుకున్నాను.

గర్భిణులకి ఐరన్ మాత్రలు పంచేదాన్ని. ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు ఒకదాని తర్వాత ఒకటి చెబుతూ వచ్చాయి. అంచేత మాత్రల విషయంలో నాకు దయాదాక్షిణ్యాలు ఉండేవి కావు. తోట పనికి పోయే ఒకమ్మాయి వాంతి వస్తోందని చెప్పింది. “బిడ్డ కోసం వేసుకోవాల్సిందే” అని గట్టిగా చెప్పి పంపాను. ఎప్పుడు వేసుకుంటున్నావని అడగలేదు. తర్వాత తెలిసింది, తెల్లవారుజామున ఖాళీ కడుపుతో, గ్లాసుడు టీతో మింగి పనికి పరుగెత్తేదట. ఖాళీ కడుపు వాంతి తెప్పించింది. టీ ఆ ఇనుముని ఒంటికి పట్టనివ్వకుండా చేసింది. రాత్రి అన్నం తిన్నాక మంచినీళ్లతో వేసుకో, పప్పులో నిమ్మకాయో పుల్లటి మామిడికాయో పడేలా చూసుకో అని చెబితే సరిపోయేది. మామిడి తోటల మధ్య నిలబడి, సి విటమిన్ కోసం నేను చూపించిన బొమ్మల అట్టలో యాపిలూ కమలాపండూ ఉండేవి.

ఇవన్నీ చిన్నవి. అసలుది పూత కాలంలో జరిగింది.

మామిడి పూతకి తేనెమంచు పురుగు, బూడిద తెగులు పట్టుకుంటాయి. ఆ రోజుల్లో తోటల్లో మందు కొట్టే పని ముమ్మరంగా ఉంటుంది. వరికి కొట్టినట్టు కాదు ఇది. చెట్టు ఎత్తుగా ఉంటుంది. గొట్టం ఆకాశానికెత్తి కొట్టాలి. కొట్టిన మందులో కొంత తిరిగి కొట్టినవాడి ముఖం మీద, మెడ మీద, చొక్కా మీద పడుతుంది. ఆ చొక్కా ఒంటి మీద ఉన్నంతసేపూ మందు చర్మంలోంచి లోపలికి పోతూనే ఉంటుంది. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు నాకు తోట అంటే పండ్లు.

ఒక ఇంట్లో కుర్రాడికి వాంతులు, విరేచనాలు అని పిలిచారు. నా చదువు చూపించుకునే అవకాశం వచ్చింది. గృహ సందర్శన సంచి తెరవడానికి ఒక పద్ధతి ఉంది. సంచిని నేల మీద పెట్టకూడదు, న్యూస్‌పేపరు పరిచి దాని మీద పెట్టాలి. ముందు సబ్బు, తువ్వాలు మాత్రమే తీయాలి. చేతులు కడుక్కున్నాకే మిగతా సామాను ముట్టుకోవాలి. ఒక ఇంటి జబ్బు ఇంకో ఇంటికి మోసుకుపోకూడదని పెట్టిన నియమాలవి. వాటిని నేను తక్కువ చేయడం లేదు. ఆ రోజు నేను ఒక్క మెట్టు కూడా తప్పకుండా చేశాను. వాకిట్లో పిల్లలు గారడీ చూసినట్టు చూశారు.

జ్వరం లేదు. నాడి చూశాను, విరేచనాలు ఎన్నిసార్లయ్యాయో అడిగి రాసుకున్నాను. ‘అతిసారం’ అని నిర్ధారించి, లీటరు నీళ్లలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు కలిపించాను. అక్కడితో ఆగానా? ఆ తల్లికి కాచి చల్లార్చిన నీళ్ల గురించి, చేతులు కడుక్కోవడం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆవిడ తలూపుతూ కొడుకు నోటి వెంట కారుతున్న చొంగ తుడుస్తూ ఉంది.

అక్కడ నా కళ్లు ఏమయ్యాయో తెలియదు. ఒంట్లో నీళ్లు పోయినవాడికి నోరు ఎండాలి. ఇతనికి చొంగ కారుతోంది. చలికాలం పూట చెమటకి చొక్కా తడిసి ముద్దయింది. కళ్లల్లోంచి నీళ్లు. అన్నీ చూశాను, ఏదీ కనపడలేదు.

మా సబ్‌సెంటరులో చాలా ఏళ్లుగా ఉన్న ఏఎన్‌ఎం ఆ దారిన పోతూ లోపలికొచ్చింది. నాలాంటి డిగ్రీ ఆవిడకి లేదు. సంచి తెరవలేదు. గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి, మంచం దగ్గర కూర్చుని, “ఏరా అబ్బాయ్, నిన్న ఏం పనికెళ్లావు?” అంది.

“పూతకి మందు కొట్టానండీ” అన్నాడు.

“ఆ చొక్కాతోనేనా?”

“ఇదేనండీ.”

ఇంకేం మాట్లాడలేదు. తను చేతులకి ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని చొక్కా విప్పించింది. సబ్బు పెట్టి తల నుంచి కాళ్ల దాకా కడిగించింది. 108కి ఫోను చేయించింది. ఒకణ్ణి తోటకి పరిగెత్తించి మందు సీసా తెప్పించి బండిలో పెట్టించింది. కుర్రాడి కనురెప్ప ఎత్తి నాకు చూపించింది. కంటిపాప గుండుసూది మొనంత ఉంది. ఆర్గానోఫాస్ఫేట్ విషం. దానికి అట్రోపిన్ ఇంజెక్షను కావాలి, ఊపిరి ఆగకుండా కాపలా కావాలి. నా ఓఆర్‌ఎస్ ఎందుకూ పనికిరాదు. కుర్రాడు బతికాడు. నా తెలివి వల్ల కాదు.

బండి వెళ్లాక ఆవిడ నాతో ఒకే మాట అంది: “అమ్మాయ్, సంచి చాలా బాగా తెరిచావు. నోరు తెరిచి ఒక్క మాట అడిగుంటే బాగుండేది.”

నా పరువు తీసిన ఆ ప్రశ్న నాకు తెలియనిది కాదు. ఇటలీలో బెర్నార్డినో రమజ్జినీ అనే వైద్యుడు పనివాళ్ల జబ్బుల మీద 1700లోనే పుస్తకం రాశాడు. రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో ‘నువ్వేం పని చేస్తావు?’ అనేదాన్ని కూడా చేర్చమన్నది ఆయనే. దాని మీద పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న వస్తే ఐదుకి ఐదూ తెచ్చుకున్నాను. పబ్లిక్ హెల్త్ నర్సు అనే పేరుని వాడుకలోకి తెచ్చిన లిలియన్ వాల్డ్ 1893లో న్యూయార్కు పేదల వాడలోకి కాపురం మార్చి వాళ్ల మధ్యే ఉంటూ సేవ మొదలుపెట్టిందని రాసినందుకు పదికి తొమ్మిది. ఆ తొమ్మిది మార్కుల మనిషి సాయంత్రం చివరి బస్సు తప్పిపోకుండా రోజూ నూజివీడు వచ్చేసేది.

తెలివితక్కువతనం ఒక దెబ్బతో పోతుందనుకుంటే అదింకో తెలివితక్కువతనం. మరుసటి వారమే నేను కూలీలని రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు, గమ్‌బూట్లు అని పాఠం చెప్పాను. మర్యాదగా విన్నారు. చివర ఒకాయన లేచి, “ఇవన్నీ ఎవరు కొనిస్తారండీ?” అన్నాడు. తోట ఒకరిది. పూత మీదే కాపు కొనుక్కున్న వ్యాపారి ఇంకొకరు. మందు కొనేదీ, పంపు తెచ్చేదీ, కూలి లెక్కగట్టేదీ ఆ వ్యాపారే. ఆయన్ని నేను పిలవనేలేదు. మందు అమ్మే దుకాణం వాడినీ పిలవలేదు. అన్నిటికంటే తక్కువ చేతనైనవాళ్లని పోగేసి బాధ్యతంతా వాళ్ల నెత్తిన పెట్టాను. సమాజమే మన రోగి అని మొదటి పాఠం చదువుకున్నాను గానీ, సమాజమంటే నా ఎదురుగా చేతులు కట్టుకు కూర్చున్నవాళ్లేననుకున్నాను. 1958లో కేరళలో గోధుమపిండిలో పారాథయాన్ కలిసి వందమందికి పైగా చనిపోతే, ‘జాగ్రత్తగా తినండి’ అని జనానికి పాఠం చెప్పి ఊరుకోలేదు. 1968లో పురుగుమందుల చట్టం తెచ్చారు. మందు డబ్బా మీద మనం చూసే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు ఆ చట్టం కింద చేసిన నిబంధనల వల్లే వచ్చాయి.

ఇక నా గోడ మీది నూరు శాతం సంగతి. టీకాల చార్టులో ఎర్ర గీత నూరు తాకింది. దాని ముందు నిలబడి ఫొటో కూడా దిగాను. కోతల కాలంలో వేరే ఊళ్ల నుంచి వచ్చి తోటల్లో పాకలు వేసుకున్న కుటుంబాలు ఆ లెక్కలో లేవు. వాళ్ల పిల్లలు వాళ్ల ఊరి రిజిస్టర్‌లో ఉన్నారని మేం, ఇక్కడే ఉన్నారని అక్కడివాళ్లూ అనుకున్నాం. తట్టు లాంటి జబ్బు ఊళ్లో పాకకుండా ఆగాలంటే నూటికి తొంభై ఐదుగురికి టీకా పడాలి. తట్టుకి ఎవరు ఏ ఊరివాళ్లో తెలియదు. ఆ పాకల సంగతి ఆశా కార్యకర్త చెబితే, “మన జనాభా కాదు కదా” అన్న మనిషిని నేనే.

తర్వాత నేను చేసిన పనుల్లో గొప్పవేమీ లేవు. పట్టిక చించేసి, కోతల రోజుల్లో పొద్దు పొడవకముందే తోట దారిలో టీ కొట్టు దగ్గర నిలబడడం నేర్చుకున్నాను. మాత్రల సంగతులు అక్కడే మాట్లాడుకునేవాళ్లం. తోట పాకలకి విడిగా ఒక పుస్తకం పెట్టాను. వ్యాపారుల దగ్గరికి పోయి, మందు కొట్టే చోట ఒక డ్రమ్ము నీళ్లు, సబ్బు పెట్టమనీ, గాలికి ఎదురుగా కొట్టించవద్దనీ అడిగాను. కొందరు పెట్టారు. కొందరు నవ్వి పంపేశారు. మళ్లీ వెళ్లాను.

ఇప్పుడు నేను పాఠాలు చెబుతున్నాను. సంచి తెరిచే పద్ధతికి మార్కులు వేస్తాను. ఇంటివాళ్లని ఏం పని చేస్తారని అడగకుండా సంచి తెరిచిన పిల్లని ఆ పరీక్షలో తప్పిస్తాను. కఠినురాలినని పేరుంది, ఉండనీ.

చదివేవాళ్లకి ఒక మనవి. మందు కొట్టి వచ్చినవాడికి చెమటలు, చొంగ, వాంతులు, చూపు మసకబారడం కనిపిస్తే ఎండదెబ్బ అనో తిన్నది పడలేదనో సర్దిచెప్పుకోకండి. మీ చేతులకి మందు అంటకుండా చూసుకుని బట్టలు విప్పించండి, సబ్బుతో కడిగించండి, బలవంతంగా వాంతి చేయించకండి. మందు డబ్బా వెంట తీసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లండి. అక్కడ నర్సు గానీ డాక్టరు గానీ ఏం పని చేస్తావని అడక్కపోతే, నాలాంటి ఫస్టు మార్కు మనిషి అయి ఉంటారు. వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి.